కనికట్టు, నజర్‌బందీ, కంప్యూటరు

గారడీవాడు మన కళ్ళెదుట చేసి చూపే వింతను తెలుగులో కనికట్టు అంటాము. కన్నును కట్టివేయడమని దాని అర్థం. అదే వింతకు ఉర్దూలో నజర్‌బందీ అని పేరు. చూపును బంధించడమని దానికీ అర్థమే. వేర్వేరు భాషాకుటుంబాలకు చెందిన రెండు భాషలు ఒకే విద్యకు ఒకే ఊహతో పేరు పెట్టుకొనడం, రెండు భాషలూ వినిపించే మన కళాశాలవారికి ముచ్చట గొలిపే విషయం. ఆ పేరులో ఒక సూక్ష్మం కూడా ఉన్నది. గారడీవాడు వస్తువును మార్చడు. చూచేవాని చూపును కట్టివేస్తాడు. టెంక నాటి క్షణంలో మామిడి మొక్కను మొలిపించేవాడు మట్టిని ఏమీ చేయడు. మన దృష్టిని ఏ క్షణంలో ఎటు మళ్ళించవలెనో అతనికి తెలుసు, అంతే.

చలనచిత్రం పుట్టుకతోనే కనికట్టు. సెకనుకు 24 నిశ్చల చిత్రాలు వరుసగా తెరపై పడుతుంటే, మన కన్ను వాటిని విడివిడిగా పట్టుకొనలేక కదలికగా భావిస్తుంది. ఈ మూలమాయపై మరికొన్ని మాయలను పేర్చి, లేని రాక్షసుడు ఉన్నట్లు, ఎగురలేని మనిషి ఎగిరినట్లు చూపే విద్యనే స్పెషల్ ఎఫెక్ట్స్ అంటున్నారు. ఇందులో నేడు ప్రధానంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. కెమెరా ఎదుట నిజంగా ఏదో ఒక వస్తువును ఉంచి, తీగలతో, యంత్రాలతో, బొమ్మలతో, రంగులతో, వెలుతురుతో చేసే మాయ మొదటిది. దీనిని ప్రాక్టికల్ ఎఫెక్ట్స్ అంటారు. కెమెరా ఎదుట లేనిదానిని కంప్యూటరులో నిర్మించి చిత్రంలో చేర్చడం రెండవది; జనవ్యవహారంలో దీనికి గ్రాఫిక్స్ అని పేరు.

"ఆ రోజులలో ఏ కంప్యూటరూ లేకుండానే ఎంత చక్కగా తీశారు! ఇప్పుడేమున్నది, అంతా గ్రాఫిక్సే" అనే మాట మనం తరచుగా వింటూ ఉంటాము. ఈ మాటలో కొంత నిజమున్నది. కొంత అన్యాయం కూడా ఉన్నది. ఆ రెండింటినీ విడదీసి చూడడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

ముందుగా పాత మార్గం సంగతి. ఫ్రాన్సు దేశానికి చెందిన జార్జి మెలియే స్వతహాగా రంగస్థల ఐంద్రజాలికుడు. 1896 ప్రాంతంలో పారిస్ నగరపు కూడలిలో చిత్రం తీస్తూ ఉండగా ఆయన కెమెరా కొద్దిసేపు ఆగిపోయినదట. సరిచేసి మరల తిప్పడం మొదలుపెట్టేసరికి వీధిలోని బండ్లు మారిపోయాయి. తరువాత ఆ ఫిల్మును వేసి చూస్తే, ప్రయాణికుల బండి ఉన్నట్లుండి శవవాహనంగా మారినట్లు కనిపించినది. ఇది ఆయన స్వయంగా చెప్పుకొన్న కథ. కెమెరాను ఆపి, వస్తువును మార్చి, తిరిగి నడిపితే మాయమవడం, ప్రత్యక్షమవడం, రూపం మారడం అన్నీ సాధ్యమే. మన పౌరాణిక చిత్రాలలో నారదుడు మెరుపువలె ప్రత్యక్షమయ్యేదీ, మాంత్రికుడు మనిషిని చిలుకగా మార్చేదీ ఈ ఉపాయంతోనే. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్ ఫాల్కే నాటినుండీ ఇది మనవారికి సుపరిచితం.

దీనికంటె క్లిష్టమైనది ఒకే ఫిల్ముపై రెండు మూడు సార్లు చిత్రించే పద్ధతి. కెమెరా కటకానికి ముందు నల్లని అట్ట ఒకటి అమర్చి, ఫిల్ములో సగభాగానికి వెలుతురు తగులకుండా చేస్తారు. మిగిలిన సగంలో నటుని చిత్రిస్తారు. పిమ్మట ఫిల్మును వెనుకకు చుట్టి, అట్టను రెండవ ప్రక్కకు మార్చి, అదే నటుని వేరొక వేషంలో చిత్రిస్తారు. తెరపై ఒకే మనిషి ఇద్దరై తనతో తానే మాట్లాడుకొంటాడు. 1964లో వచ్చిన 'రాముడు భీముడు' వంటి ద్విపాత్రాభినయ చిత్రాలను ప్రేక్షకులు విరగబడి చూచినది ఈ వింతకోసం కూడా. అయితే రెండుసార్లకూ మధ్య కెమెరా వెంట్రుకవాసి కదిలినా, దీపం కాంతి కొద్దిగా తగ్గినా, అతుకు తెరపై బయటపడుతుంది. అప్పటివరకు చేసినదంతా వ్యర్థం. 1961 నాటి 'సీతారామ కళ్యాణం'లో రావణుని దశకంఠ రూపాన్ని చూపవలసి వచ్చినప్పుడు ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ ఇట్టి బహుళ చిత్రణనే ఆశ్రయించారు. తలకొకసారి చొప్పున చిత్రించవలసి వస్తే తొమ్మిది తలలు కుదిరిన తరువాత పదవ తల దగ్గర పొరపాటు జరిగితే ఏమవుతుందో పాఠకులే ఊహించుకొనవచ్చు. ఫిల్ము కడిగి వచ్చేవరకు తప్పు జరిగినదో లేదో తెలిసే మార్గం కూడా ఆనాడు లేదు.

ఈ విద్యకు తెలుగువారు శిఖరంగా భావించేది 1957లో విజయా సంస్థ నిర్మించిన 'మాయాబజార్'. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఘటోత్కచుడు కూర్చున్నచోటనుండి లేవకుండానే లడ్డూలు ఎగిరివచ్చి నోటిలో పడడం, పరచిన గింబళి తానే చుట్టుకొనడం, గిల్పం మనిషిని ఎక్కించుకొని గిరగిర తిరగడం మనకు కంఠతా వచ్చిన దృశ్యాలు. వస్తువు ఎగిరివచ్చి చేతిలో పడవలెనంటే, చేతినుండి జారవిడిచి ఆ చిత్రాన్ని వెనుకనుండి ముందుకు నడిపినా చాలును. కంటికి కనిపించని నల్లదారంతో లాగినా చాలును. ఉపాయాలు ఇంత చిన్నవి. గొప్పతనం ఉపాయంలో లేదు. మన చూపు దారంవైపు పోకుండా ఎస్.వి. రంగారావు ముఖంపైననే నిలిచి ఉండేటట్లు చేయడంలో ఉన్నది. కనికట్టు అనే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచదు.

విదేశాలలో ఇంకొక మార్గం కూడా వృద్ధి చెందినది. చిన్న బొమ్మను వెంట్రుకవాసి కదిలించి ఒక ఫ్రేము, మరికొంత కదిలించి మరొక ఫ్రేము తీయడం. 1933లో 'కింగ్ కాంగ్' చిత్రంలోని మహావానరాన్ని విల్లిస్ ఓబ్రయన్ నడిపించినది ఈ పద్ధతిలోనే. ఆయన శిష్యుడనదగిన రే హ్యారీహౌసెన్ 1963లో 'జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్' చిత్రంలో ఏడు అస్థిపంజరాలను ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేయించాడు. కొద్ది నిమిషాల ఆ ఘట్టానికి నాలుగు నెలలకు పైగా పట్టినది. ఉదయంనుండి సాయంత్రంవరకు శ్రమిస్తే తెరపై ఒక్క సెకను కూడా సిద్ధం కాని రోజులవి. ఇంత శ్రమించినా ఒక లోపం మిగిలేది. నిజంగా కదిలే వస్తువును ఫోటో తీస్తే దాని అంచులు కొద్దిగా చెరిగినట్లు పడతాయి. రైలు కిటికీనుండి తీసిన ఫోటోలో దగ్గరి చెట్లను చూడండి. బొమ్మ మాత్రం ప్రతి ఫ్రేములోనూ నిశ్చలంగా ఉన్నందున అంచులు పదునుగా పడి, కదలిక అదిరినట్లు కనిపిస్తుంది. ఈ లోపాన్ని సవరించడానికి ఫిల్ టిపెట్ మొదలైనవారు 1981 నాటి 'డ్రాగన్‌స్లేయర్' చిత్రంలో, ఫోటో తీసే క్షణంలోనే బొమ్మను మోటార్లతో కదిలించే ఏర్పాటు చేశారు. ఆ మోటార్లను నడిపినది కంప్యూటరే! బొమ్మల మార్గంలోకి కంప్యూటరు దొడ్డిదారిన ఆనాడే ప్రవేశించినదన్నమాట.

రెండు మార్గాలు ఎదురెదురుగా నిలిచిన చిత్రం 1993లో విడుదలైన స్టీవెన్ స్పీల్‌బర్గ్ 'జురాసిక్ పార్క్'. ఏ మార్గం గెలిచినదని అడిగేవారికి ఈ చిత్ర నిర్మాణ చరిత్రే సమాధానం కాబట్టి దీనిని కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

మొదటి సంకల్పంలో కంప్యూటరు పాత్ర స్వల్పం. దగ్గరనుండి చూపే దృశ్యాలకు స్టాన్ విన్‌స్టన్ నిలువెత్తు యాంత్రిక జంతువులను నిర్మించాలి. దూరపు దృశ్యాలను టిపెట్ తన బొమ్మలతో తీయాలి. ఇంతలో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థలోని యువకులు కొందరు టిరనోసార్ అస్థిపంజరాన్ని కంప్యూటరులో నిర్మించి, నడిపించి చూపారు. ఆ నడక చూచిన తరువాత బొమ్మల ఏర్పాటు ప్రక్కకు తప్పుకొన్నది. జీవితమంతా ఒక విద్యకు ధారపోసినవాడు ఒక్క పూటలో ఆ విద్యకు కాలం చెల్లినదని తెలిసికొనడం ఎట్టి అనుభవమో చెప్పనవసరం లేదు.

కానీ కథ అక్కడ ముగియలేదు. కంప్యూటరు నడపడం తెలిసిన యువకులకు జంతువు నడక తెలియదు. టన్నులకొద్దీ బరువున్న ప్రాణి అడుగు వేసేటప్పుడు తుంటి ఎంత క్రుంగుతుంది, తల ఎప్పుడు వెనుకబడుతుంది, తిరిగేముందు బరువు ఏ కాలిపైకి మారుతుంది అనేవి దశాబ్దాలుగా బొమ్మలను వ్రేళ్ళతో కదిలించినవారికే తెలుసు. అందుచేత టిపెట్‌ను పంపివేయక, డైనోసార్ల కదలికలకు పర్యవేక్షకునిగా ఉంచుకొన్నారు. పైగా, కీళ్ళలో విద్యుత్ సూచికలు అమర్చిన లోహపు బొమ్మను ఒకదానిని తయారుచేశారు. పాత కళాకారుడు తన అలవాటు ప్రకారం ఆ బొమ్మను చేతితో కదిలిస్తే, ఆ కదలిక కంప్యూటరులోని జంతువుకు సంక్రమిస్తుంది. పాత విద్య నశించలేదు. కొత్త పాత్రలో పోసినట్లయినది.

యాంత్రిక టిరనోసార్ సంగతి మరొక రకం. రాత్రివేళ వానలో అది కారుపై దాడిచేసే ఘట్టం ఉన్నది కదా! దాని చర్మం నురగరబ్బరుతో చేసినది. కృత్రిమ వర్షపు నీటిని ఆ చర్మం పీల్చుకొని బరువెక్కేసరికి, ఒక నిర్ణీత బరువుకు సరిపడేటట్లు అమర్చిన యంత్రం గజగజ వణకసాగినది. చిత్రణకు చిత్రణకు నడుమ పనివారు తువ్వాళ్ళతో దానిని తుడిచి ఆరబెట్టవలసి వచ్చినది. అది రాబోయేముందు గ్లాసులోని నీటిలో వలయాలు పుట్టడం ప్రేక్షకులు మరువలేని దృశ్యం. దానికోసం ఎన్నో విధాలు ప్రయత్నించి, చివరకు గ్లాసు క్రింద గిటారు తీగను బిగించి మీటారు. కంప్యూటరు యుగానికి నాంది పలికినదని చెప్పుకొనే చిత్రంలో భయం పుట్టించినది ఒక తీగ! సుమారు రెండు గంటల ఏడు నిమిషాల చిత్రంలో డైనోసార్లు కనిపించేది దాదాపు పదిహేను నిమిషాలు. అందులోనూ కంప్యూటరు సృష్టి సుమారు 6 నిమిషాలు మాత్రమే. దానికి లభించిన ఆస్కార్ పురస్కారాన్ని కంప్యూటరు పక్షాన డెన్నిస్ మ్యూరెన్, బొమ్మల పక్షాన టిపెట్, యంత్రాల పక్షాన విన్‌స్టన్, సెట్టుపైని ఎఫెక్టుల పక్షాన మైకేల్ లాంటియెరీ నలుగురూ కలిసి అందుకొన్నారు.

ఇక గ్రాఫిక్స్ ఎట్లా తయారవుతాయో సంగ్రహంగా చూద్దాము. మొదట వస్తువు ఆకృతిని కంప్యూటరులో సన్నని వలవలె అల్లుతారు. దానికి చర్మం, రంగు, గరుకుదనం అద్దుతారు. లోపల ఎముకలవంటి కీళ్ళ ఏర్పాటు చేసి, ఆ కీళ్ళను కదిలిస్తారు. తరువాత వెలుతురు. ఇది అన్నిటికంటె ముఖ్యం. నటులను చిత్రించిన చోట ఎండ ఏ దిక్కునుండి పడినది, నేలనుండి ఎంత కాంతి తిరిగి ఎగసినది అనేది తెలియకుంటే చేర్చిన వస్తువు అతికించిన కాగితంవలె కనిపిస్తుంది. అందుకని చిత్రణ స్థలంలో అద్దంవంటి గోళాన్ని ఒకదానిని, బూడిదరంగు గోళాన్ని ఒకదానిని పట్టుకొని నిలబడి ఫోటో తీసుకొంటారు. అద్దపు గోళంలో చుట్టూ ఉన్న దీపాలన్నీ ప్రతిఫలిస్తాయి. దానిని బట్టి కంప్యూటరులోనూ అదే వెలుతురును పునఃసృష్టిస్తారు. చివరకు అన్ని పొరలనూ ఒక్కటిగా కూర్చుతారు. ఈ పనులు చెప్పుకొన్నంత సులభం కావు.

ఇక్కడే రెండు మార్గాలకూ ఉన్న అసలు భేదం బయటపడుతుంది. కెమెరా ఎదుట నిజమైన వస్తువు ఉన్నప్పుడు ప్రకృతి మనం అడగనివి కూడా ఇస్తుంది. నీడ తానే పడుతుంది. గాలి తానే వెంట్రుకలను కదిలిస్తుంది. కాలు పెట్టినచోట దుమ్ము లేస్తుంది. తడిసిన యంత్రం వణకడంవంటి ఇబ్బంది కూడా ఆ వరంలో భాగమే. కంప్యూటరులో ఎవరో ఒకరు తలచి పెట్టనిదే ఏదీ రాదు. దుమ్ము కావలెనంటే దుమ్మును పెట్టాలి; బరువు కావలెనంటే బరువును పెట్టాలి; తడిసిన రాతిపై మెరుపును కూడా పెట్టాలి. సమయం చాలక, డబ్బు చాలక, శ్రద్ధ చాలక వీటిలో ఒకటి మరచినా మన కన్ను పట్టివేస్తుంది. ఏది లోపించినదో చెప్పలేము గాని, ఏదో లోపించినదని గ్రహిస్తాము. బరువు లేని రాక్షసులు, నేలను తాకని పాదాలు, ఏ మనిషీ పట్టుకొనలేని విధంగా ఆకాశంలో గిరికీలు కొట్టే కెమెరా, ఇవే జనులు గ్రాఫిక్స్ అని ఈసడించేవి. ఆ ఈసడింపులో న్యాయమున్నది. కానీ దాని మరొక ముఖం చూడండి. తలచి పెట్టనిదే ఏదీ రాదంటే, తెరపై బాగా కుదిరిన ప్రతి దుమ్ము రేణువు వెనుకా దానిని తలచినవాడు ఒకడున్నాడన్నమాట. కంప్యూటరు చేసినది అనే మాట అతనిని తుడిచివేస్తుంది.

ఈ తుడిచివేత ప్రేక్షకుల పొరపాటు మాత్రమే కాదు. ప్రచారకుల పని కూడా. ఇటీవలి కాలంలో తమ చిత్రంలో అంతా నిజంగా చేసినదే, గ్రాఫిక్స్ లేవు అని చాటుకొనడం ఒక పరిపాటి అయినది. 2015లో వచ్చిన జార్జి మిల్లర్ చిత్రం 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్'ను ఈ పద్ధతికి తార్కాణంగా చెప్పుకొంటారు. నమీబియా ఎడారిలో నిజమైన వాహనాలను నిజంగా పరుగెత్తించి, నిజంగా ఢీకొట్టించి తీసినమాట వాస్తవమే. అది సాహసమే. కానీ అదే చిత్రంలో కంప్యూటరు చేయి పడిన చిత్రణలు దాదాపు 2000! ఫ్యూరియోసా పాత్రధారిణి చేతికి ఆకుపచ్చని తొడుగు తొడిగి, ఆ చేతిని తరువాత ప్రతి ఫ్రేములోనూ తొలగించారు. మనుషులను కట్టిన తాళ్ళను చెరిపివేశారు. ఆకాశాన్ని మార్చారు. ఇసుకతుఫాను కంప్యూటరులోనే పుట్టినది. తాడును చెరిపినవాని నేర్పు ఏమిటంటే, తాడు ఉన్నదన్న అనుమానం కూడా మనకు రాకుండా చేయడం. పని ఎంత బాగుంటే చేసినవాడు అంతగా కనిపించకుండా పోతాడు.

ఈ విషయం మనకు దూరపుది కాదు. తాళ్ళు చెరపడం, మనిషి ఆకారం చుట్టూ ఫ్రేము ఫ్రేముకూ గీత గీసి విడదీయడం వంటి ఓపికతో కూడిన పనులలో పెద్దభాగం కొన్నేళ్ళుగా హైదరాబాదు, ముంబై, చెన్నై నగరాలలో జరుగుతూ ఉన్నది. మన కళాశాలలో చదివినవారి వంటి యువతీయువకులే ఆ కుర్చీలలో కూర్చుంటున్నారు. 2012 సంవత్సరం ఇందుకు మంచి సాక్ష్యం. ఆ ఏడు రాజమౌళి 'ఈగ' చిత్రం వచ్చినది. నాయకుడు ఈగగా పుట్టి పగ తీర్చుకొనే కథను యంత్రపు బొమ్మతో తీయడం ఊహకు కూడా అందదు. ప్రతినాయక పాత్రధారి సుదీప్ శూన్యాన్ని చూచి భయపడ్డాడు. ఆ శూన్యంలో ఈగను తరువాత చేర్చినది హైదరాబాదులోని మకుట సంస్థ. ఆ కృషికి జాతీయ పురస్కారం లభించినది. మాటలు లేని ఆ ఈగకు ముఖంలో హావభావాలకు కూడా చోటు లేదు; కాళ్ళతోనూ, తలతోనూ కోపాన్నీ ప్రేమనూ పలికించినవారి ప్రతిభ ఏ నటుని ప్రతిభకూ తీసిపోదని నా అభిప్రాయం.

అదే ఏడు చివర 'లైఫ్ ఆఫ్ పై' వచ్చినది. పడవలో బాలునితో ప్రయాణించే పులి కొన్ని చిత్రణలలో మాత్రమే నిజమైన పులి. తక్కినదంతా కంప్యూటరు పులి. దానిని రూపొందించిన రిథమ్ అండ్ హ్యూస్ అమెరికా సంస్థ. దానికి అప్పట్లో హైదరాబాదులోనూ, ముంబైలోనూ శాఖలుండేవి. ఆ చిత్రపు పనిలో వాటికి భాగమున్నది. 2013 ఫిబ్రవరి 24న ఆ పులికి ఆస్కార్ వచ్చినది. అంతకు రెండు వారాలలోపే ఆ సంస్థ దివాలా ప్రకటించుకొన్నది. అమెరికాలో రెండు వందలకు పైగా ఉద్యోగులకు పని పోయినది. పురస్కారం అందుకొన్న బిల్ వెస్టెన్‌హోఫర్ వేదికపై తమ సంస్థ కష్టాన్ని ప్రస్తావించబోగానే వాద్యసంగీతం పెద్దదై ఆయన మాటను ముంచివేసినది. సభామందిరం వెలుపల ఆ రోజు గ్రాఫిక్స్ కళాకారులు నిరసన ప్రదర్శన జరుపుతూ ఉన్నారు.

అంత పేరున్న సంస్థ ఎందుకు మునిగినది? ఈ వ్యాపారంలో పని మొత్తానికి ముందుగానే ఒక ధర నిర్ణయించుకొంటారు. తరువాత దర్శకునికి తృప్తి కలుగక మార్పులు కోరితే, ఆ భారం చాలావరకు గ్రాఫిక్స్ సంస్థపైననే పడుతుంది. వడ్రంగికి తలుపు ఖరీదు ఒకటి చెప్పి పదిసార్లు చేయించుకొన్నట్లు. దానికి తోడు, వివిధ దేశాల ప్రభుత్వాలు ఇచ్చే రాయితీల వెంట నిర్మాతలు పనిని చోటునుండి చోటుకు తరలిస్తూ ఉంటారు. ఇసుకతుఫాను తాను చేసినదని కళాకారుడు గట్టిగా చెప్పుకొనలేనప్పుడు, దాని ధర గురించి గట్టిగా అడగడం కూడా కష్టమే. ఇప్పుడు ఆకారాల చుట్టూ గీత గీసే పనిని తనంత తానే నేర్చుకొనే యంత్రాలకు అప్పగించడం మొదలైనది. టిపెట్‌కు 1993లో ఎదురైన స్థితి నేడు ఈ యువకులకు ఎదురవుతున్నది. ఆయనకు దొరికినట్లు వీరందరికీ పర్యవేక్షకుని కుర్చీ దొరకదు గదా!

ఏ మార్గం మేలన్న ప్రశ్నకు ఆచరణలో దర్శకులు ఎప్పుడో జవాబు చెప్పుకొన్నారు. 2015 నాటి 'బాహుబలి'లో మాహిష్మతిని రామోజీ ఫిల్మ్ సిటీలో సాబు సిరిల్ కొంతవరకు నిజంగా కట్టారు; ఆ పైన వి. శ్రీనివాస మోహన్ పర్యవేక్షణలో కంప్యూటరు దానిని మేఘాలవరకు పెంచినది. నటుని చేతికి అందేంతవరకు నిజం, చూపుకు మాత్రమే అందేది మాయ. ఈ సరిహద్దు ఎక్కడ గీయాలో తెలిసినవాడే ప్రవీణుడు.

మరల మాయాబజార్ దగ్గరకు వస్తాను. 2010 జనవరిలో ఆ చిత్రానికి రంగులద్ది మరల విడుదల చేశారు. ఆ పని జరిగినది హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థలో, కంప్యూటర్లపై. మూడు గంటల చిత్రమంటే సెకనుకు 24 చొప్పున 2,59,200 ఫ్రేములు. తెలుపు నలుపుల చిత్రాన్ని తాకరాదని నొచ్చుకొన్నవారూ ఉన్నారు. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి చూచి సంతోషించినవారూ ఉన్నారు. నాకు ఆసక్తి కలిగించినది వేరొక సంగతి. రంగులద్దేవారు చీరకు ఏ రంగైనా ఎన్నుకొనవచ్చు. కిరీటానికి బంగారు ఛాయ వేయవచ్చు. కానీ ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అనేది వారి చేతిలో లేదు. నౌకావిహార ఘట్టంలో నీటిపై తళుకులు, ముఖాలపై వెలుగునీడలు 1957 నాటికే బార్ట్లే దీపాలు నిర్ణయించి ఉంచాయి. కొత్తవారు ఒక్కొక్క ఫ్రేములో ఆ వెన్నెల అంచు వెంటనే తమ రంగును నడిపించుకొంటూ పోయారు.